మందసం కొలతల సబ్‌వూఫర్

ఆ రోజుల్లో విశ్వాసి ఇంటి పిల్లాడు సినిమా హాలు గుమ్మం తొక్కాడంటే పరలోకం గుమ్మం దగ్గర వాడి పేరు కొట్టేసినట్టే. ఇప్పుడు పరలోకం నియమాలేమీ మారలేదు గాని, సినిమాయే ఫోనులో దూరి మంచం మీదికి వచ్చేసింది కాబట్టి గుమ్మం తొక్కడమనే ప్రశ్నే లేకుండా పోయింది. నేను మాత్రం గుమ్మం తొక్కలేదండీ. నేను చేసిందల్లా ఏమిటంటే, తాడేపల్లిగూడెంలో డ్యూటీ అయిపోయాక, సాయంత్రం పాసింజరు వచ్చేలోపు, ఒక హాలు వెనక సందులో గోడకి వీపు ఆనించి నిలబడడం. (గోడకి ఆనుకోవడం పాపమని వాక్యంలో ఎక్కడా లేదు. నేను వెతికాను.) లోపల హీరో ఎవరో, కథ ఏమిటో నాకు తెలియదు. కానీ ఫైటు ఎప్పుడొచ్చిందో నా వెన్నుపూసకి తెలిసేది. గోడ గుండా ఒక వణుకు బయల్దేరి, నడుము దగ్గర ఎక్కి, పక్కటెముకల మీదుగా వెళ్ళి గుండెకాయని భుజం తట్టి పలకరించేది. ఆ సందులో టీ కాచే ఆయన కొన్నాళ్ళు ఊరుకుని, ఒకరోజు అడిగేశాడు.

"ఏవండీ, రోజూ ఇలా నిలబడతారు, టిక్కెట్లు దొరుకుతున్నాయి కదండీ?"

"నేను విశ్వాసినండి. సినిమాలు చూడను."

"అలాగాండీ. మరి గోడకి బాప్తిస్మం అయ్యిందాండీ?" అన్నాడు, చాలా మర్యాదగా, గ్లాసు కడుగుతూ.

అప్పుడు నాకు పాలిటెక్నిక్కులో ఎలక్ట్రికల్ లాబ్ అసిస్టెంటుగా కొత్తగా ఉద్యోగం. దెందులూరు దగ్గర హైవే పక్కన మా ఊరు. రెండు గదుల ఇల్లు, ఒక వసారా, మిషన్ వారి కాలంలో కట్టిన పెంకుల చర్చి, అందులో ఆదివారం ఆదివారం నేను నడిపే క్వయరు. క్వయరు అంటే పెద్దగా ఊహించుకోకండి. పాట ఎత్తుకోవడానికి నేను చెయ్యి ఎత్తితే ఒకళ్ళు ముందే మొదలుపెట్టేవారు, ఒకళ్ళు రెండో చరణంలో కలిసేవారు, మా చిన్నపిన్ని ఆమేన్ దగ్గర మాత్రం అందరికన్నా ముందుండేది. అలాంటి వాడికి ఫోనులో ఒక పాత పైపు ఆర్గన్ రికార్డింగు దొరికింది. మనం పాడుకునే కీర్తన రాగమే. దాని చివర్లో ఆర్గన్ వాయించే ఆయన కాలితో ఒక మెట్టు తొక్కుతాడట, అక్కడ ఒక స్వరం వస్తుందట, అది చెవికి వినబడదట, ఛాతీకి తెలుస్తుందట. కింద ఎవరెవరో దేశాలవాళ్ళు రాసుకున్నారు, ఆ స్వరం దగ్గర కన్నీళ్ళొచ్చాయని ఒకడు, కిటికీ అద్దం పగిలిందని ఇంకొకడు. నా ఇయర్‌ఫోన్లలో వింటే ఆ చోట దోమ తుమ్మినంత చప్పుడు కూడా రాలేదు. విస్తారమైన జలాల ఘోష వంటి దేవుడి స్వరం గురించి చిన్నప్పటినుంచి ప్రసంగాల్లో వింటున్నవాణ్ణి. అది ఇదేనేమో అనిపించింది. ఆ ఒక్క స్వరం, నా ఇంట్లో, నా ఛాతీతో వినాలి. గోడల వెంట తిరగడం ఇక మానెయ్యాలి. అలా పట్టుకుంది నాకు సబ్‌వూఫర్ పిచ్చి, అంటే అడుగు స్వరాలకోసమే పుట్టిన స్పీకరు పెట్టె పిచ్చి.

కొనుక్కోవచ్చు కదా అంటారు. కొన్నవాళ్ళని నెట్‌లో మా గురువులు ఎవరూ మనుషుల కింద లెక్కపెట్టేవారు కాదు. సొంతంగా పెట్టె కట్టుకునేవాళ్ళ చర్చావేదిక ఒకటి ఉండేది, దానిలో పడ్డాను. అక్కడి వాదనలు చూశాక మన సంఘాల్లో మతశాఖల గొడవలు పిల్లలాటలని తెలిసింది. మూసిన పెట్టె వర్గం వేరు, గొట్టం పెట్టిన పెట్టె వర్గం వేరు, ఇద్దరూ ఒకరి రక్షణ గురించి ఒకరు అనుమానపడేవారు. నేను గొట్టం వర్గంలో చేరాను. సంగతి సులువుగా చెబుతాను. స్పీకరు నోరైతే పెట్టె ఛాతీ. ఛాతీ చిన్నదైతే గొంతు కీచుమంటుంది, మరీ పెద్దదైతే శబ్దం లోపలే వదులైపోతుంది. ముందు పక్క ఒక కన్నానికి గొట్టం బిగిస్తే లోపలి గాలి కూడా స్పీకరుతో కలిసి పాడుతుంది. ఆ గొట్టం పొడవు, పెట్టె లోపలి చోటు, రెండూ కుదిరితేనే పాట. ఏలూరులో డీజేలకి సామాన్లు అమ్మే కొట్లో పదిహేను అంగుళాల స్పీకరు కొన్నాను. కంప్యూటర్లో దాని జాతకం ఎక్కించి (ఈ మాట అన్నందుకు అప్పట్లో పాస్టరు గారు నన్ను మందలించారు), గీతలు గీసి, చివరికి గ్యాసు స్టవ్వు పెట్టుకునే బల్లంత పెట్టె చాలని తేల్చాను.

ఇంక ఒకటే మిగిలింది, పొడవు వెడల్పుల నిష్పత్తి. పెట్టె నలుచదరంగా ఉంటే లోపల శబ్దం అటూ ఇటూ గోడలకి కొట్టుకుని గోల చేస్తుందని, పొడవు వెడల్పుకి ఒకటిన్నర రెట్ల పైచిలుకు ఉండడం మేలని వేదికలో ఒక తెల్లగడ్డం పెద్దాయన రాశాడు. కాగితం మీద లెక్కవేసి, నేను మంచం మీద లేచి కూర్చున్నాను. రెండున్నరకి ఒకటిన్నర! ఇది మందసం కదా! సండేస్కూల్లో బట్టీపట్టిన, పది ఆజ్ఞల పలకలు దాచిన నిబంధన మందసం కొలతలు, రెండున్నర మూరల పొడవు, మూరన్నర వెడల్పు, మూరన్నర ఎత్తు. అమెరికావాడికి కంప్యూటరు పెట్టుకుని ఇన్నాళ్ళకి తెలిసింది ఎడారిలో వడ్రంగికి దేవుడు ముందే చెప్పేశాడన్నమాట. ఈ పెట్టె దైవచిత్తమే అనుకున్నాను. (దైవచిత్తమని మనం తేల్చుకున్న ప్రతిసారీ ఆయన కొంచెం పక్కకి తిరిగి నవ్వుకుంటాడని నాకు తర్వాత తర్వాత అర్థమైంది.)

ఏలూరులో మా మేనమామ ఉన్నాడు. మన జిల్లాలో సగం చర్చిల బెంచీలు ఆయన చేసినవే. కూర్చుంటే నిద్ర రాకుండా ఉండేలా చెయ్యడం ఆయన ప్రత్యేకత. ఆయనది బటన్ల ఫోను, బొమ్మ పంపిద్దామంటే కుదరదు. ఫోనులోనే చెప్పాను.

"మావయ్యా, ఒక పెట్టె చెయ్యాలండి. మంచి ప్లైవుడ్డుతో. ఎక్కడా గాలి దూరకూడదు."

"దానికేముందిరా అల్లుడూ. కొలతలు చెప్పు."

"మందసం లెక్కేనండి, ఆ నిష్పత్తే. అసలు సైజు ఎంతంటే..."

"ఇంకేం చెప్పక్కర్లేదు!" అన్నాడు మావయ్య. గొంతు మారిపోయింది. "ఆ కొలతలు నాకు నోటికి వచ్చురా. వాటికే నాకు చిన్నప్పుడు సండేస్కూల్లో బహుమతి. ఇన్నేళ్ళనుంచి బెంచీలు చేయించుకున్నారుగాని, ఒక్కడంటే ఒక్కడు నన్ను ఆ పని అడగలేదు."

"కాదు మావయ్యా, అంత పెద్దది కాదు, ముందు పక్క రెండు గుండ్రటి కన్నాలు కూడా..."

"మందసానికి కన్నాలేంట్రా?"

"శబ్దం రావడానికండి."

"ఊఁ. శబ్దమైతే సరే," అని ఫోను పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. పనిలో ఉన్నప్పుడు ఎత్తడని అత్తయ్య చెప్పింది. రెండు కన్నాల వ్యాసాలు, గొట్టం పొడవు ఆవిడచేతే రాయించాను. అవి మాత్రం మిల్లీమీటరు తేడా లేకుండా వచ్చాయి. మిగతాది మావయ్య విశ్వాసం మీద నడిచింది.

పెట్టె ట్రాలీ ఆటోలో వచ్చింది. పక్కన నిలబడి వచ్చాడు మావయ్య, ఒక చెయ్యి దాని మీద వేసి, పెళ్ళికూతుర్ని తెచ్చిన మేనమామలాగా. మా వీధి కుక్కలు ఆ రోజు మొరగలేదు, పక్కకి తప్పుకున్నాయి. నిలువునా నల్లగా, మా ఇంట్లో బీరువాని పడుకోబెట్టినంత ఉంది. నాలుగు మూలలా నాలుగు ఇనప ఉంగరాలు, వాటిలో దూర్చిన రెండు పొడవాటి మోతకర్రలు.

"మావయ్యా, ఇది... ఇంత..."

"రెండున్నర మూరలు. సరిగ్గా," అన్నాడు గర్వంగా.

"ఎవరి మూరండీ?"

"నాదే. ఇంకెవరిది?" (మావయ్య నిలబడితే చేతివేళ్ళు మోకాళ్ళని పలకరిస్తాయి. ఆరడుగుల మనిషి.)

"మరి ఈ నలుపేంటండీ? వాసన..."

"తారురా. కొల్లేట్లో పడవలకి పూసేది. మందసానికి లోపలా బయటా బంగారపు రేకు కొట్టాలి. మనకంత స్తోమత లేదు. మరి ఓడకి లోపలా బయటా ఏం పూశారు? అది పూశాను. గాలి దూరకూడదన్నావుగా, గాలి కాదు జలప్రళయం వచ్చినా దూరదు."

ద్వారబంధంలోంచి లోపలికి వెళ్ళేటప్పటికి పెట్టెకీ గుమ్మానికీ మధ్య కాగితం పట్టేంత సందు ఉంది. లోపలికి వెళ్ళాక పెట్టెకీ మాకూ మధ్య అదే సందు ఉంది. వంటింట్లోకి వెళ్ళాలంటే అమ్మ పక్కకి తిరిగి, కడుపు లోపలికి లాగి, దేవుడి పేరు తలచుకుని జరగాలి. నాన్నగారు పేపరు పట్టుకుని వసారాలోకి వలస వెళ్ళిపోయారు. నేను కంప్యూటరు ముందు కూర్చుని కొత్త చోటుకి లెక్క మళ్ళీ కట్టాను. పెట్టె ఇంత పెరిగేసరికి గొట్టం పలికే స్వరం ఇంకా కిందకి, ఇంకా కిందకి దిగిపోయింది. వేదికలో పెడితే తెల్లగడ్డం పెద్దాయన ఒక్క ముక్క రాశాడు, "ఇల్లు జాగ్రత్త" అని. నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. నా స్వరం అక్కడే ఉంది, ఆ అడుగునే.

స్పీకరు బిగించాను. యాంప్లిఫైయరు కలిపాను. ప్లగ్గు పెట్టబోతుంటే అమ్మ వెనక నిలబడింది.

"ఒరే, అది ముట్టుకోకు."

"ఏమ్మా?"

"కోతపండుగ ఎన్నాళ్ళుందిరా? నీ మొదటి జీతం కవరు దేవుడికి ఇచ్చాం. నీ చేతులతో చేసిన మొదటి పని కూడా ఆయనదేనని స్త్రీల సమాజంలో అందరి ముందూ చెప్పాను. ఏ స్టూలో, టేబులో చేస్తావనుకున్నాను." పెట్టెని ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసింది. "ఆయన తన కొలతలు తానే పంపించుకున్నాడు."

"అమ్మా, ఇది మావయ్య చేశాడే!"

"కొలతలు దేవుడివి, చెక్కపని మావయ్యది, కన్నాలు నీవి. కన్నాలైనా నీ మొదటి పనే."

"ఒక్క రోజమ్మా. ఒక్క పాట విని ఇచ్చేస్తాను. ఒక్క స్వరమే."

"తొలికాపు మామిడిపండు కొరికి చూసి కానుకలో వేస్తామా?" అంది అమ్మ. కొంగుతో పెట్టె మీద దుమ్ము తుడిచి, ప్లగ్గు తీసి, పోపులపెట్టె వెనక దాచేసింది. పండుగదాకా నేను ఆ పెట్టె పక్కనే చాప వేసుకుని పడుకున్నాను. ఎదురుగా మైసూరుపాకు పెట్టి నోటికి ప్లాస్టరు వేసినట్టు ఉండేది నా పరిస్థితి.

మా కోతపండుగ గురించి చెప్పాలి. ఆ రోజు ఎవరి పొలంలో, పెరట్లో ఏది పండితే అది చర్చికి తెస్తారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు, తొట్టెలో ఎగిరే బొచ్చెచేప. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. పూర్వం పాస్టరు గారి జీతం ధాన్యంలో ఇచ్చేవారు కాబట్టి మా దగ్గర పాట ఇప్పటికీ బస్తాల్లోనే. ఊళ్ళో హిందువులూ వస్తారు. పుంజుల దగ్గర పోటీ అంతా వాళ్ళదే. మా పెట్టెని ఇంటినుంచి చర్చిదాకా క్వయరు కుర్రాళ్ళు మోతకర్రల మీద భుజాలకి ఎత్తుకున్నారు. ఉంగరాలు, కర్రలు ఉన్నాక ఇంకోలా ఎత్తడానికి ఎవరికీ మనసొప్పలేదు. మావయ్య ముందు నడిచాడు. ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్ళు నెత్తిన కొంగు వేసుకున్నారు. రామాలయం అరుగు మీద కూర్చున్న పెద్దలు లేచి నిలబడి, "ఎవరి ఊరేగింపండీ?" అని అడిగారు. స్పీడు బ్రేకరు దగ్గర పెట్టె ఒక పక్కకి ఒరిగింది. పక్కన నడుస్తున్న కుర్రాడు గబుక్కున చెయ్యి వేశాడు. సంఘం సంఘమంతా ఒక్కసారి "చెయ్యి తియ్యి!" అని అరిచింది. మందసం ఒరుగుతుంటే పట్టుకోబోయి అక్కడే పడి చచ్చిన మనిషి కథ మాలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. వాడు తెల్లబోయి చెయ్యి చూసుకున్నాడు. ఏమీ కాలేదు, తారు మాత్రం అంటుకుంది.

వేలం వేసేది మా కోశాధికారి గారు. బట్టతల, కంచు గొంతు, సొరకాయచేత కూడా సాక్ష్యం చెప్పించగల నోరు. కోళ్ళు అయ్యాయి, గెలలు అయ్యాయి, పెట్టె వంతు వచ్చింది.

"ప్రియులారా, ఇది ఏమిటో నాకూ తెలియదు. తెలియనివాటిని కూడా నమ్మడమే కదా మన పని. పాడండి."

"బియ్యం పోసుకోవచ్చాండీ?" అని ఒకావిడ అడిగింది. "కన్నాలున్నాయిగా, ఎలకలు దూరతాయి," అంది పక్కావిడ. నా ప్రాణం లేచి వచ్చింది. ఎవరూ పాడకపోతే నేనే పాడి ఇంటికి తెచ్చుకోవచ్చు. "అర బస్తా!" అన్నాను.

"నీకు పొలమెక్కడిదిరా?" అని అమ్మ చొక్కా పట్టుకుని లాగింది. "కొనుక్కొచ్చి ఇస్తాను," అన్నాను. అప్పుడే వెనకనుంచి ఒక గొంతు, "ఉండండి మేస్టారూ. అసలు ఏం చేస్తుందో వాయించి చూపించండి. చూడకుండా ఎలా పాడతాం?"

అది చెరువుల బాబాయి గారు. మా ఊరి రైతే, హిందువు, కొల్లేటికోట వైపు చేపల చెరువులు చేస్తారు. ఆయనతో మా నాన్నగారికి పాత స్నేహం. అమ్మ కూడా కాదనలేకపోయింది. కానుక కొరకడం వేరు, కొనేవాడికి చూపించడం వేరు. పోపులపెట్టె వెనకనుంచి తెచ్చి కొంగున ముడేసుకున్న ప్లగ్గు తీసి ఇచ్చింది. ఫోను కలిపి ఆర్గన్ పెట్టాను. కీర్తన రాగం పైకి లేచింది, జనం తలలు ఊపారు. చివరి చరణం వచ్చింది. అక్కడ, ఆయన కాలు మెట్టు మీద పెట్టే చోట, నేను కళ్ళు మూసుకున్నాను.

ఛాతీకి ఏదో తగలబోయింది. తగలబోయిందంతే. పైన పెంకుల కింద, మిషన్ దొరల కాలంనుంచి కాపురమున్న గబ్బిలాలు అన్నీ ఒక్కసారి ఊడిపడ్డాయి. పొగకి, కర్రకి, కమిటీ తీర్మానాలకి ఏనాడూ కదలని గబ్బిలాలు! పట్టపగలు, నల్లగా, గొడుగులు విప్పినట్టు, పిల్లలతో సహా. వాటితోపాటు ఎన్నేళ్ళదో దుమ్ము, వాటి తరతరాల ఆస్తిపాస్తులు, కొంత కోశాధికారి గారి బట్టతల మీద, ఎక్కువ భాగం గుమ్మడికాయల మీద. ఆడవాళ్ళ కేకలు, కోళ్ళ కేకలు. బొచ్చెచేప తొట్టెలోంచి నేల మీదికి దూకింది. పాస్టరు గారు బల్ల దగ్గర రెండు చేతులూ పైకెత్తి, "కూర్చోండి, కూర్చోండి, ఇంకా సమయం రాలేదు!" అన్నారు. (ఏ సమయమని ఎవరూ అడగలేదు. రాకడ గురించి వినని చెవి మాలో లేదు.) మావయ్య మోకరించి ఏడుస్తున్నాడు, తన పనితనానికి. ఎవరో తీగ లాగేశారు. నా స్వరం పెట్టె గొంతులోనే ఉండిపోయింది. ఆ గోలలో నేను దాన్ని వినలేదు.

దుమ్ము సర్దుకోకముందే బాబాయి గారు లేచారు. "రెండు బస్తాలండీ!"

"మీకెందుకు బాబాయి గారూ?" అన్నాను, ఏడుపు గొంతుతో.

"నీటికాకులు మేస్టారూ! చెరువు మీద పడి చేపల్ని తినేస్తున్నాయి. టపాకాయలకి లేవట్లేదు, డబ్బాలకి లేవట్లేదు. మీ గబ్బిలాలనే లేపిందంటే నీటికాకులొక లెక్కా?"

"మూడు!" అన్నాను.

"నాలుగండీ."

"అయి..." అనబోయాను. కోశాధికారి గారు తల తుడుచుకుంటూ నా వైపు వంగి, నాకు మాత్రమే వినిపించేలా, "బాబూ, దేవుడికని చెప్పి కొంత వెనక్కి ఉంచుకున్న మొగుడూ పెళ్ళాలు ఆఖరికి ఏమయ్యారో గుర్తుందా?" అన్నారు. (అక్కడికక్కడే పడి చచ్చారు.) నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది, పెదాలు కదులుతున్నాయి. నాకోసమే ప్రార్థిస్తోందని తెలుసు. ఏమని ప్రార్థిస్తోందో కూడా తెలుసు. నోరు మూసుకున్నాను. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. పెట్టె బాబాయి గారి ట్రాక్టరు ఎక్కి, మోతకర్రలు వెనక్కి చాచుకుని కొల్లేటి వైపు వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మా ఇంట్లో అందరం తిన్నగా నడిచి వంటింట్లోకి వెళ్ళగలిగాం.

కొన్ని వారాల తర్వాత బాబాయి గారి ఫోను. "మేస్టారండీ, మీకో నమస్కారం. మీ పెట్టె తీసుకుపోండి. నాకేమీ ఇవ్వక్కర్లేదు, తీసుకుపోతే చాలు. రెండు రోజులు బెదిరాయండి, మూడో రోజునుంచి దాని మీదే కూర్చుంటున్నాయి. చుట్టాల్ని కూడా పిలుచుకొస్తున్నాయి."

నేను పరిగెత్తాను. అంటే, అమ్మని అడిగి పరిగెత్తాను. "దేవుడికి ఇవ్వడం అయిపోయింది, ఆయన బాబాయి గారికి ఇవ్వడం అయిపోయింది, ఇప్పుడు బాబాయి గారు నీకిస్తే అది కానుక కాదురా, బహుమతి," అని అమ్మ కొంచెం ఆలోచించి తీర్పు చెప్పింది. "వసారాలో పెట్టుకో." ట్రాలీ ఆటో మాట్లాడుకుని ఆదివారం మధ్యాహ్నం చెరువు గట్టు మీద దిగాను. కనుచూపు మేర నీళ్ళు, గట్లు, మళ్ళీ నీళ్ళు. గట్టు అంచున, నీటికి జానెడు దూరంలో, నా పెట్టె. తారు చెక్కుచెదరలేదు. దాని మూత మీద రెండు నీటికాకులు, చెరో చివరా, ఎదురెదురుగా కూర్చుని, తడిసిన రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్నాయి. మందసం మీద రెక్కలు చాచిన ఆ రెండు దేవదూతల బొమ్మల గురించి చదివినవాళ్ళకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. నేను టోపీ తీశాను. వాటిలో ఒకటి నా వైపు చూసి రెట్ట వేసింది.

"చూశారా," అన్నారు బాబాయి గారు.

"తీసుకెళ్తానండి. కాని ముందు ఒక్కసారి వినొచ్చాండీ? నేను ఇంతవరకూ దీన్ని సరిగ్గా వినలేదు."

"మీ ఇష్టమండీ బాబూ. మోటారు షెడ్డులోంచి కరెంటు ఉంది."

ఫోను కలిపాను. ఆర్గన్ మొదలైంది. ఆ ఆరుబయట, గోడ లేదు, కప్పు లేదు, రాగం దూదిలా ఎగిరిపోయింది. చివరి చరణం వచ్చింది. మెట్టు పడింది. నేను ఛాతీ ముందుకు చాచి నిలబడ్డాను.

ఏమీ లేదు. ఎక్కడో ఎవరో పెద్దాయన నిట్టూర్చినట్టు, అంతే. నా నెలల పని, మావయ్య మూరలు, అమ్మ మొక్కు, అన్నీ ఆ ఆకాశంలోకి వెళ్ళి కలిసిపోయాయి. గోడలు లేకపోతే అడుగు స్వరాలు నిలబడవని వేదికలో రాశారు, చదివాను, మర్చిపోయాను. నీటికాకులు రెక్కలు ఇంకో పక్కకి తిప్పుకున్నాయి. నేను ఫోను ఆపబోయాను.

"ఆగండి మేస్టారూ," అన్నారు బాబాయి గారు, చాలా మెల్లిగా. "అటు చూడండి."

నీటి మీద చర్మం వణికింది. పెట్టె ముందునుంచి సన్నటి గీతలు అవతలి గట్టు వైపు పాకాయి. వాటి వెనకే, చెరువు ఆ మూలనుంచి ఈ మూలదాకా, చేపలు లేచాయి. శీలావతులు, బొచ్చెలు, పెద్దవి, చిన్నవి, వందలో వేలో, తలలు నీటిపైకి పెట్టి, గుండ్రటి నోళ్ళు తెరిచి, పెట్టె వైపు తిరిగి నిలబడ్డాయి.

"చేపల మేతకి తవుడు సంచులు గెడలకి కట్టేటప్పుడే పక్షులు ఎక్కువగా వస్తాయని రోజూ అప్పుడే దీన్ని వేసేవాణ్ణండి," అన్నారు బాబాయి గారు నోరు తెరిచి, తన చేపల్లాగే. "చేపలు తవుడు కోసం వస్తున్నాయనుకున్నాను. ఇప్పుడు తవుడేది? దీన్ని విని వచ్చాయండీ ఇవి! ఏవండీ మేస్టారూ... ఇది ఇక్కడే ఉండనిస్తారా? నేను పిలిస్తే చెరువంతా తిరగాలి. ఇది పిలిస్తే చెరువే వచ్చేస్తోంది."

ఆ సమయానికి నేను ఏం చేస్తున్నానో నాకే తెలియదు. బాబాయి గారు తర్వాత ఊరంతా చెప్పి నవ్వించారు, మీకూ ఎవరైనా చెప్పకముందే నేనే చెప్పేస్తాను. నా కుడి చెయ్యి దానంతటదే పైకి లేచింది, ఆదివారం క్వయరు ముందు లేచినట్టు. ఆ నోళ్ళన్నీ ఒక్కసారే తెరుచుకుని ఉన్నాయి. ఒక్కటీ ముందు మొదలుపెట్టలేదు, ఒక్కటీ రెండో చరణం దాకా ఆగలేదు. ఆమేన్‌కి ముందుండే మా చిన్నపిన్ని కూడా లేదు. అంతటి సమాజం నా జన్మలో నా చేతి కిందికి రాలేదు. నా చేతిలో మాత్రం గుప్పెడు తవుడు లేదు. (అలాంటి బోధకుల్ని ఆ తర్వాత చాలామందిని చూశాను. కొన్ని ఆదివారాలు అద్దంలో కూడా.) స్వరం అయిపోయింది. అవి కాసేపు చూశాయి. ఒక్కొక్కటీ, ఏ నిందా మోపకుండా, నీళ్ళలోకి దిగిపోయాయి. ట్రాలీ ఆటో ఖాళీగా వెనక్కి వచ్చింది.

ఇప్పుడు నేను ఏలూరులో అపార్ట్‌మెంటులో ఉంటాను. అరచేతిలో పట్టే స్పీకరు ఒకటి ఉంది, గట్టిగా పెడితే కింది అంతస్తు ఆవిడ ఫోను చేస్తుంది. చెవులు కొంచెం మందగించాయి, ఛాతీ కూడా. అయినా కొల్లేటి మీదుగా బస్సులో వెళ్ళేటప్పుడు కిటికీ పక్కన కూర్చుంటాను. ఏదో ఒక గట్టు మీద, వెర్రి ధీమాతో, నీళ్ళ ముందు చెయ్యెత్తి నిలబడ్డ కుర్రాడొకడు కనబడతాడు. ఒరేయ్, అవి నీకోసం రాలేదురా, తవుడు కోసం వచ్చాయి, చెయ్యి దించు అని కేకెయ్యాలనిపిస్తుంది. కాని బస్సు దాటిపోయేదాకా నోరు రాదు.